మైనస్ ఒకటో మనిషి

పనిలోంచి తీసేసిన మనుషులు జాబితాలో కింది నుంచి పైకి, ఒక్కొక్కరుగా, వరస తప్పకుండా పోతున్నారని మంగళవారం ఉదయం పదకొండు గంటలకి వర్షిత కనిపెట్టింది.

కనిపెట్టాలని కూర్చోలేదు. ఆమెకి వచ్చిన పని చాలా చిన్నది. హౌస్‌కీపింగ్ జాబితాలోంచి ఒక పేరు శుక్రవారం సాయంత్రం తర్వాత తీసేయాలి. పేరు ఎల్లమ్మ. కారణం: మూడు నెలల్లో నలభై ఆరు ఎర్రలు. వర్షిత ఈ కంపెనీలో చేరి ఏడు నెలలు. పేరు తీసే పని ఇదివరకు చెయ్యలేదు. తప్పు జరగకూడదని, ఇలాంటి పనులు అడుగుతూ వచ్చిన పాత టికెట్లు తెరిచి, ముందువాళ్ళు ఎలా చేశారో చూసింది. ఫిబ్రవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి. ఫిబ్రవరిలో పోయినవాడు ఎల్లేశ్, అరవై నాలుగో వరస. ఏప్రిల్‌లో పోయింది ఎల్లవ్వ, అరవై మూడో వరస. ఇప్పుడు ఎల్లమ్మ, అరవై రెండు. మూడుసార్లూ ఆ వరసే జాబితాలో చివరిది.

జాబితా ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటుంది. తెలుగులో రాస్తే ఎల్లమ్మ పేరు పైన ఎక్కడో ఉండేది. ఇంగ్లీషులో ఆ పేరు ముందు ఒక 'వై' వచ్చి చేరుతుంది. చేరి, కనకలక్ష్మినీ పద్మావతినీ రత్నమ్మనీ దాటించి అడుక్కి తోసేస్తుంది. యాదగిరి, యాదమ్మ, ఎల్లయ్య, ఎల్లమ్మ. ఇప్పుడు ఆ అడుగున మిగిలినవాళ్ళు నలుగురు.

"ఏంది వర్షితా, స్క్రీను మింగుతవా ఏంది?" పక్క సీట్లోంచి ఆకాష్ అడిగాడు.

చూపించింది. ఆకాష్ కుర్చీ జరుపుకుని వచ్చి మూడు టికెట్లూ చదివాడు.

"అంటే నెక్స్ట్ ఎల్లయ్య. జర జాగ్రత్తగ ఉండమని చెప్దామా పెద్దాయనకి?" అని నవ్వాడు. వర్షిత నవ్వకపోయేసరికి, "కాకతాళీయం తల్లీ. అందరూ ఒకే రకం పని చేస్తరు, ఎవరో ఒకరు చివర్ల ఉంటరు," అన్నాడు.

"ఒకసారి అయితే అనుకోవచ్చు."

ఎర్రలు అంటే కంపెనీ ఉండే ఆ టవర్లో అందరికీ తెలుసు. ప్రతి వాష్‌రూం బయటా, ప్రతి టీ గది బయటా గోడకి ఒక ట్యాబ్ ఉంటుంది. దాని మీద మూడు ముఖాలు. శుభ్రంగా ఉంటే ఆకుపచ్చ ముఖం, పరవాలేదంటే పసుపు, బాగా లేకపోతే ఎర్ర ముఖం నొక్కాలి. ఎర్ర నొక్కిన క్షణంలో ఆ గది ఎవరిదో వాళ్ళ పేరు పక్కన ఒకటి పెరుగుతుంది. మూడు నెలల్లో ముప్పై దాటితే మనిషిని తీసేస్తారు. ఆ లెక్క చేసే ప్రోగ్రాం రాసింది వర్షిత పనిచేసే టీమే. ముందు తమ టవర్లో పెట్టి చూసుకుంటున్నారు, తర్వాత బయటివాళ్ళకి అమ్ముతారు.

ఎల్లమ్మ అప్పుడే గాజు తలుపు తుడుస్తూ ఉంది. గుడ్డని నాలుగు మడతలు వేసి, ఒక మడత మాసిపోగానే తిప్పి ఇంకో మడత వాడుతుంది. తలుపు మీద వేళ్ళ ముద్రలు కనబడితే నోటి ఆవిరి ఊది మరీ తీస్తుంది. వర్షిత తెరిచి ఉంచిన రిపోర్టులో చివరి వరస ఒక్కసారి మెరిసింది. ఎల్లమ్మ, నలభై ఏడు. తొమ్మిదో అంతస్తు, తూర్పు వాష్‌రూం, పదకొండు యాభై రెండు.

వర్షిత గడియారం చూసింది. పదకొండు యాభై రెండు. ఎల్లమ్మ నాలుగడుగుల దూరంలో, ఆరో అంతస్తులో, గాజు మీద ఆవిరి ఊదుతోంది.

"ఎల్లమ్మక్కా, పొద్దున తొమ్మిదో అంతస్తుకి పోయినవా?"

"తొమ్మిదా? నేనెప్పుడు పోయిన బిడ్డా? నా కార్డుకి తొమ్మిది తెరుచుకోదు. ఒకనాడు లిఫ్టుల తప్పి నొక్కితే కుయ్ కుయ్‌మని మొత్తుకున్నది. సెక్యూరిటాయన ఉరికొచ్చిండు, నేనేదో బాంబు పెట్టినట్టు." ఎల్లమ్మ గుడ్డ తిప్పింది. "ఎందుకడిగినవు? శుక్రవారం ఆఖరంట గదా నాకు. నర్సింహ సార్ చెప్పిండు."

వర్షిత స్క్రీను పక్కకి తిప్పేసింది. ఎల్లమ్మే మళ్ళీ అడిగింది.

"ఈ ఆరో అంతస్తుల ఎంతమందుంటరు?"

"నూటపది మంది ఉంటరేమో అక్కా."

"గా నూటపదిల నా మీద పగ ఎవరికున్నదో సమజైతలేదు. నలభై ఆరు సార్లు నొక్కిండ్రంటే మామూలు పగ కాదు. మూడు నెలల సంది ఒక్కొక్క మొకం చూసుకుంట తుడుస్తున్న. ఈమెనా, ఆయననా అని." గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు కూడ నొక్కినవా?"

"లేదక్కా. ఒక్కసారి కూడా నొక్కలె."

"నొక్కితే నొక్కినవు తీ. చెప్తే సరి చేసుకుంట గదా అని అడిగిన." తలుపు కింది అంచు తుడవడానికి వంగింది. "గీడ ఎర్రలొచ్చి తీసేసిండ్రంటే మాదాపూర్ల ఏ బిల్డింగోళ్ళు పెట్టుకోరు. ఏం పని చేసినవ్ అని ముందు గదే అడుగుతరు. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న ఈ పని. పని రాదని పేరు పెట్టుకొని పోవాలె ఇప్పుడు."

*

మధ్యాహ్నం భోజనం మానేసి వర్షిత రెండో బేస్‌మెంట్‌కి దిగింది. హౌస్‌కీపింగ్ సూపర్వైజర్ నర్సింహ గది అక్కడే, జనరేటర్ పక్కన. ఫినాయిల్ డబ్బాల మధ్య ఒక బల్ల, బల్ల మీద రిజిస్టరు, రిజిస్టరు మీద టిఫిన్ బాక్స్. నర్సింహ పప్పన్నం తింటున్నాడు. ఆరో అంతస్తు మేడం బేస్‌మెంట్‌కి రావడం చూసి ముద్ద చేతిలోనే ఉంచుకుని లేచాడు.

"కూర్చోండి సార్, తినండి. ఒక్క మాట అడిగి పోత. తొమ్మిదో అంతస్తు తూర్పు వాష్‌రూం ఎవరిది?"

"ఎవరిది కాదు."

"అంటే?"

"తొమ్మిది మొన్న సెప్టెంబర్ల తీసుకున్నరు గదా, ట్రైనింగు గదులకని. మనిషిని ఇయ్యలే నాకు. ఎవరు ఖాళీ ఉంటే వాళ్ళని పంపిస్త. ఆ రెండు వాష్‌రూములు, ఒక టీ గది, గట్లనే మూడో అంతస్తుల కాన్ఫరెన్సు గది పక్కన ఉన్నది ఒకటి. గివి ఎవరి పేరు మీద లెవ్వు."

"మరి డ్యూటీ చార్టులో ఏం రాస్తరు?"

నర్సింహ ఎడమ చేత్తో రిజిస్టరు తిప్పి చూపించాడు. అంతస్తులు నిలువుగా, గదులు అడ్డంగా. ప్రతి గడిలో ఒక నంబరు. తొమ్మిదో అంతస్తు గడుల్లో ఏమీ లేదు.

"ఖాళీ పెట్టిన. మనిషి లేడు, ఖాళీ పెట్టిన. ఖాళీ అంటే ఖాళీ. కంప్యూటర్ల కూడ గట్లనే ఎక్కిస్త."

"అక్కడి ఎర్రలు ఎల్లమ్మక్క పేరు మీద పడుతున్నయి సార్."

నర్సింహ ముద్ద బాక్సులో పెట్టేశాడు. "మేడం, నేను కావాలని రాసిన అంటున్నరా?"

"అట్ల అనలె..."

"అన్నరు. అంటే అనుండ్రి. ఎల్లేశ్ పోయినప్పుడు వాని అన్న వచ్చి నా కాలర్ పట్టిండు, నువ్వే పేరు ఎక్కించినవని. ఎల్లవ్వ అయితే ఈడనే, ఈ డబ్బా మీదనే కూసోని ఏడ్చింది. ఇప్పుడు జీడిమెట్లల మాత్రలు ప్యాకింగు చేసుకుంటుంది. మంచి పనిమంతురాలు. ఆమెకు ఎర్రలెట్లొచ్చినయో నాకు ఇప్పటిదాంక సమజ్‌కాలే. నేను పైకి రాసిన, మీ మిషన్ ఒకపారి చూడుండ్రి అని. లెక్క లెక్కే అన్నరు."

"ఎవరికి రాసిండ్రు?"

"మీ ఆరో అంతస్తుకే. పేరు గుర్తులేదు. ఇంగ్లీషుల జవాబొచ్చింది, మా కొడుకుతోని చదివిపించుకున్న."

*

బుధవారం పొద్దున తొమ్మిదో అంతస్తు నిర్మానుష్యంగా ఉంది. ట్రైనింగు ఏమీ లేదు. వర్షిత తూర్పు వాష్‌రూం ముందు నిలబడి, లాప్‌టాప్ ఎడమ మోచేతి మీద పెట్టుకుని రిపోర్టు తెరిచింది. లోపలికి తొంగి చూసింది. నేల పొడిగా ఉంది, అద్దం తళతళలాడుతోంది. ఎవరో బాగానే కడిగి వెళ్ళారు. తిరిగి వచ్చి ఎర్ర ముఖం నొక్కింది.

లాప్‌టాప్‌లో చివరి వరస మెరిసింది. ఎల్లమ్మ, యాభై ఒకటి.

నిన్న మధ్యాహ్నం నుంచి ఇంకో ముగ్గురు నొక్కారన్న మాట. నాలుగోది తనది. చెయ్యి వెనక్కి తీసుకుంది, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. రెండోసారి నొక్కి నిర్ధారించుకోవాలనే పద్ధతి తెలిసినా నొక్కలేదు.

సీటుకి వచ్చి ప్రోగ్రాం తెరిచింది. పెట్టెలో పెట్టెలు. పెద్ద పెట్టెలో పన్నెండు అంతస్తులు, ఒక్కో అంతస్తు పెట్టెలో గదులు, ఒక్కో గదిలో ఒక నంబరు. ఆ నంబరు మనిషిది. ఆ నంబరు పట్టుకుని పేర్ల జాబితాలోకి వెళితే మనిషి దొరుకుతాడు. ఆ ప్రోగ్రాం రాసిన భాష పైథాన్, అది ఏ జాబితానైనా సున్నా నుంచి లెక్కపెడుతుంది. కింది అంతస్తుని లిఫ్టు కూడా సున్నా అనే అంటుంది కాబట్టి అంతస్తుల దగ్గర పేచీ లేదు. పేచీ మనుషుల దగ్గర. నర్సింహ మనుషుల్ని ఒకటి నుంచి లెక్కపెడతాడు. అతని ఒకటో మనిషి ప్రోగ్రాంకి సున్నా, అరవై నాలుగో మనిషి అరవై మూడు. కిందటి అక్టోబరు దాకా ఈ తేడా ఎవరూ చూసుకోలేదు. ఒకరి ఎర్ర పక్కవాళ్ళకి పడేది. ఎల్లేశ్ గది దగ్గర ఎవరైనా నొక్కితే, జాబితాలో లేని వరస అడిగారంటూ ప్రోగ్రాం ఎర్రర్ చూపించి ఆగిపోయేది. అప్పుడు టీమ్‌ని నడిపే యశ్వంత్ ఒక్క లైను మార్చాడు. మనిషి నంబరులోంచి ఒకటి తీసెయ్యాలి. ఆగడం మానేసింది. టీమ్ అంతటికీ మెయిల్లో మెచ్చుకోళ్ళు వచ్చాయి. వర్షిత ఆ మెయిలు ఈ రోజే చదివింది.

ఇక ఖాళీ గడి. ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాం దాన్ని సున్నా అనుకుంటుంది. సున్నాలోంచి ఒకటి తీసేస్తే మైనస్ ఒకటి. మైనస్ ఒకటో మనిషి ఎవరూ ఉండరు. వేరే చాలా భాషలు అక్కడే కేక పెట్టి ఆగిపోయేవి. పైథాన్ ఆగదు. మైనస్ ఒకటి అంటే చివరి నుంచి మొదటివాళ్ళు అని దానికి అర్థం. నెమ్మదిగా జాబితా అడుక్కి వెళ్ళి, ఎవరుంటే వాళ్ళని పట్టుకొస్తుంది.

ఎవరూ లేని గదుల ఎర్రలన్నీ చివరి పేరుకి. ఆ పేరు తీసేస్తే, ఇంకో చివరి పేరుకి.

"ఆకాష్, ఇటు చూడు."

ఆకాష్ చూశాడు. ఈసారి నవ్వలేదు. "అబ్బ," అన్నాడు. "అంటే మనమే..." అని ఆపేశాడు.

వర్షిత అప్పటికే ఆ ఫైలు చరిత్ర తెరిచింది. ఏ లైను ఎవరు, ఏ రోజు, ఏ నిమిషంలో మార్చారో అందులో ఉంటుంది. అక్టోబరు తొమ్మిది: ఒకటి తీసెయ్యడం, యశ్వంత్. దాని పైన ఇంకో రెండు మార్పులున్నాయి. జనవరి పద్దెనిమిది: నంబరు సున్నా అయితే ఎవరి పేరూ రాయకూడదు, యశ్వంత్. జనవరి ఇరవై: ఆ లైను తీసివేత.

తీసివేత దగ్గర యశ్వంత్ పేరు లేదు. ఎవరి పేరూ లేదు. డెమోలప్పుడు అందరూ వాడే ఉమ్మడి అకౌంటు పేరు ఉంది.

"చూసినవా?" వర్షిత ఆ లైను మీద వేలు పెట్టింది. "యశ్వంత్ గారు కనిపెట్టి సరిచేసిండు. రెండు రోజులకి ఎవరో తీసేసిండ్రు. తెలిసే తీసేసిండ్రు."

"నా దిక్కు ఎందుకు చూస్తున్నవ్? జనవరి ఇరవై నేను మా అక్క సీమంతంల ఉన్న, సిద్దిపేటల. ఫోటోలున్నయి, చూపిమ్మంటవా?"

"ఆ అకౌంటు పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నీకు తప్ప అందరికి. నువ్వు అప్పుడు కొత్తగ వచ్చినవ్." ఆకాష్ గడ్డం గోక్కున్నాడు. "యశ్వంత్ గారినే అడుగు. ఆయన లైను తీసేస్తే ఆయనకి కోపం రాకుండ ఉంటదా?"

ఆ సాయంత్రం ఎల్లమ్మ డెస్కులు తుడుస్తూ వచ్చినప్పుడు వర్షిత లేచి నిలబడింది.

"అక్కా, నిన్న నేను నొక్కలేదని చెప్పిన గదా. పొద్దున నొక్కిన. ఒక్కసారి. తొమ్మిదిల."

ఎల్లమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ఎక్కడ నొక్కితే ఎవరికి పడుతుందో తెలుసుకోవాలని నొక్కిన. నీ మీద ఎవరికీ పగ లేదక్కా. ఈ ఆరో అంతస్తుల వాళ్ళు నిన్ను నొక్కింది మూడు నెలల్లో నాలుగే నాలుగు సార్లు. మిగిలినవన్నీ ఎవరూ లేని గదులవి."

"నాలుగా?" ఎల్లమ్మ గుడ్డ మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. "నాలుగంటే మా ఇంట్లనే నొక్కుతరు ఒక్క పూటకి." తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, "ఎవరికి పగ లేదా?" అని ఇంకోసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా పక్క డెస్కుకి వెళ్ళిపోయింది.

*

యశ్వంత్‌ది ప్రొద్దుటూరు. టీమ్ లీడ్. ముప్పై ఆరేళ్ళుంటాయి. ఎవరి మీదా గొంతు లేపడు. వర్షితకి ఈ ఏడు నెలల్లో వచ్చిన పనిలో సగం అతను పక్కన కూర్చుని నేర్పిందే. గురువారం పదిన్నరకి చిన్న మీటింగ్ గదిలో ఆమె గాజు బోర్డు మీద గడులు గీసి, ఖాళీ గడి సున్నా కావడం, సున్నా మైనస్ ఒకటి కావడం, మైనస్ ఒకటి ఎల్లమ్మ కావడం వరసగా చెప్పింది. ఆమె చెబుతున్నంతసేపూ అతను మార్కర్ మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు. ఎక్కడైనా పట్టు దొరికితే వదలకుండా ప్రశ్నలు వేసే మనిషి ఒక్కటీ వెయ్యలేదు.

"కరెక్టే," అన్నాడు చివరికి. "బాగా పట్టినావు. సున్నా చెక్ మళ్ళీ పెట్టు, నేను ఇప్పుడే ఓకే చేస్తా."

"పెట్టిన. టెస్టులు కూడా రాసిన. పాత లెక్కలు కూడా మళ్ళీ వేసిన యశ్వంత్ గారూ. ఎల్లేశ్‌కి నిజంగా పడ్డవి మూడు. ఎల్లవ్వకి ఆరు. ఎల్లమ్మకి నాలుగు. ఈ రిపోర్టు మీరు ఆమోదించి కిందికి పంపిస్తే రేపు ఆమెని ఆపుతరు."

మార్కర్ మూత టక్కుమంది.

"పాతవి వద్దు వర్షితా. ఈ పొద్దు నుంచి సరిగ్గా పోతాది కదా. ముందుకు సరిచేద్దాం. వెనక్కి తవ్వితే ఆరేడు నెలల రిపోర్టులన్నీ తప్పని మనమే రాసిచ్చినట్టు అవుతాది. ఆగస్టులో బయటి టవర్లకి పోతాంది ఇది."

"రేపు ఆమెకి ఆఖరి రోజు. ముందుకి అంటే ఆమెకేముంది?"

అతను బోర్డు వైపు చూశాడు.

"జనవరిలో మీరు ఈ చెక్ పెట్టినరు," అంది వర్షిత. "రెండు రోజులకి ఎవరో తీసేసినరు. ఎవరో మీకు తెలుసా?"

"ఎవరైతే ఏమి? అయిపోయింది." గుడ్డ తీసుకుని బోర్డు తుడిచేశాడు. గడులన్నీ పోయాయి, అన్నిటికంటే పై అంతస్తు గీత ఒక్కటి సగం మిగిలింది. "మీటింగ్ ఉంది నాకు," అని వెళ్ళిపోయాడు.

ఉమ్మడి అకౌంటు ఎవరినో దాస్తోంది. యశ్వంత్ ఆ ఎవరినో కాపాడుతున్నాడు. టీమ్‌లో ఎవరైనా తప్పు చేస్తే తనమీద వేసుకునే అలవాటు అతనికి ఉంది. వర్షిత అలాగే అనుకుంది. సరిచేసిన ప్రోగ్రాంనీ, పాత లెక్కల్నీ ఒకే కట్టగా అతని ఆమోదానికి పంపింది. ఒకటి లేకుండా రెండోది ఓకే చెయ్యడం కుదరదు. కింద ఒక్క వాక్యం రాసింది. టీమ్‌లో ఆరుగురికీ కనబడేలా రాసింది: 'జనవరి ఇరవైన ఈ లైను తీసిందెవరో వారు దయచేసి ఇక్కడ రాయగలరు.'

సాయంత్రం ఆరు దాకా ఎవరూ రాయలేదు. ఆకాష్ మాత్రం సిద్దిపేట ఫోటో పెట్టాడు.

*

శుక్రవారం మూడున్నరకి ఎల్లమ్మ కార్డు తిరిగి ఇవ్వాలి. వర్షిత మూడుంబావుకే పాత లెక్కల కాగితాలు ప్రింటు తీసుకుని బేస్‌మెంట్‌కి వెళ్ళింది. ఎల్లమ్మ అప్పటికే వచ్చి ఫినాయిల్ డబ్బా మీద కూర్చుంది. యూనిఫాం తీసేసి ఇంటి చీర కట్టుకుంది. మడిచిన యూనిఫాం ఒళ్ళో ఉంది, ఇస్త్రీ చేసినంత పొందికగా.

నర్సింహ కాగితాలు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా చదివాడు. మూడు, ఆరు, నాలుగు. వేలు అక్కడే ఆగింది.

"నేను చెప్పిన. మిషన్ చూడుండ్రి అని చెప్పిన." కళ్ళజోడు తీశాడు. "గని సంతకం లేని కాగితం నాకేం పనికొస్తది మేడం? మీరంటే చిన్న ఉద్యోగం. పై నుంచి మెయిల్ రావాలె. లేకపోతే మూడున్నరకి ఈ కార్డు నేను జమ చెయ్యాలె."

"ఇంకో పావుగంట ఆగండి సార్."

"పావుగంట ఏంది, నాలుగు దాంక ఆగుత. నా గడియారం ఎన్కకున్నదని చెప్త."

ఎల్లమ్మ నవ్వింది. "నీ గడియారం ఎప్పుడు ముందున్నది సార్? పొద్దున ఆరింటికి మాత్రం ఉరుకుతది."

మూడూ ముప్పై ఆరుకి తలుపు దగ్గర యశ్వంత్ కనిపించాడు. బేస్‌మెంట్ గది ఎక్కడుందో తెలియక జనరేటర్ చుట్టూ తిరిగి వచ్చినట్టున్నాడు, షర్టు భుజం మీద సున్నం అంటుకుంది. నర్సింహ లేచి తన కుర్చీ జరిపాడు. యశ్వంత్ కూర్చోలేదు.

"మెయిల్ పంపినా," అన్నాడు నర్సింహతో. "పాత రిపోర్టులు తప్పు, ఎవరినీ తీసేయడానికి అవి పనికిరావు అని. ఎల్లేశ్, ఎల్లవ్వ పేర్లు కూడా రాసినా. వాళ్ళను మళ్ళీ పిలవమని."

నర్సింహ ఫోన్ తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల మీదున్న కార్డు తీసి ఎల్లమ్మ ఒళ్ళో, యూనిఫాం మీద పెట్టాడు. "సోమవారం ఆరింటికి. నా గడియారం ప్రకారం," అన్నాడు.

ఎల్లమ్మ కార్డు ముట్టుకోలేదు. యశ్వంత్ వైపు తిరిగింది.

"సార్, ఒక్కటడుగుత. ఎవరు చేసిండ్రు?"

"ప్రోగ్రాంలో తప్పమ్మా. ఖాళీ గడి ఉంటే అది..."

"ఈ బిడ్డ చెప్పింది గది. సున్నా, మైనస్, అన్ని చెప్పింది. నాకు సగం సమజైంది. మిషన్‌కు నా మీద పగ లేదు, ఒప్పుకుంట. గని మధ్యల ఎవరో మంచిగ చేసిండ్రంట, మళ్ళ ఎవరో చెడగొట్టిండ్రంట. మిషన్ తనంతట తను చెడగొట్టుకుంటదా సార్?"

వర్షిత యశ్వంత్ ముఖం చూసింది. అతను ఇప్పుడు కూడా ఎవరినో కాపాడతాడని అనుకుంది. అతను ఎల్లమ్మ ముందు, ఇంకో ఫినాయిల్ డబ్బా మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. మాట్లాడడం మొదలుపెట్టాక అతని మాటలో ఆఫీసు పూర్తిగా పోయింది.

"నేనే చేసినా. మంచిగా చేసిందీ నేనే, చెడగొట్టిందీ నేనే. ఎవరూ లేని గదుల ఎర్రలన్నీ ఆఖరి పేరుకు పోతాన్నాయని జనవరిలో నాకు తెలిసింది. సరిచేసినా. రెండు దినాలకు కంపెనీ పెద్దోళ్ళు చూడను వచ్చినారు. రిపోర్టు తీస్తే మూడింట ఒక ఎర్రకు పేరే లేదు. పేరు లేని ఫిర్యాదు ఏమి, మీ ప్రోగ్రాం పని చేయలేదా అని అడిగినారు. ప్రతి దానికీ ఒక పేరుండాల అన్నారు. మనుషుల్ని పెట్టలేదు గాబట్టి పేరు లేదు అని చెప్పొచ్చు నేను. ఒక్క మాట. చెప్పలేదు. పది నిమిషాలు టైం అడిగి, బయటికొచ్చి నా లైను నేనే తీసేసినా. నా పేరుతో తీయను మనసొప్పక అందరూ వాడే పేరుతో తీసినా. లోపలికి పోతే అన్ని ఎర్రలకూ పేర్లున్నాయి. బాగుంది అన్నారు. వాళ్ళు పోతానే మళ్ళీ పెడదామనుకున్యా. ఈ పొద్దు, రేపు, అనుకుంటానే ఉండా. ఫిబ్రవరిలో ఎల్లేశ్ పేరు తీసేయమని టికెట్ వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. తీసేసినా. నర్సింహ సారు మిషన్ చూడమని రాసినాడే, లెక్క లెక్కే అని జవాబు రాసింది కూడా నేనే. ఏప్రిల్‌లో ఎల్లవ్వ. ఆ పేరు కొట్టేసినాక, ఇప్పుడు అడుగున ఎవరున్నారా అని చూసినా. నీ పేరు ఉండింది. నువ్వెవరో నాకు తెలుసు, దినామూ చూస్తాండే మనిషివి. చూసి, లాప్‌టాప్ మూసేసి టీ తాగినా. తాగినాక ఆ కప్పు నా టేబుల్ మీద నుంచి నువ్వే తీసుకపోయినావు. అయిందా సార్ అని అడిగినావు. అయింది అన్నా."